ఇన్నయ్య కుక్క

"చంపిందిగాని ఒక్కదాన్నీ తినలేదే!" అంది భ్రమరాంబ.

పడవ ఆగేచోట ఇసుకమీద సముద్రపు పిట్టల పిల్లలు కుప్పగా చచ్చి పడున్నాయి. కృష్ణ సముద్రంలో కలిసేచోట, ఈ దిబ్బమీది పక్షులను లెక్కపెట్టడానికి ఆమె బెజవాడ కాలేజీ నుంచి వచ్చింది. ఇక్కడ పిట్టపిల్లల్ని చంపుతున్న కుక్క కోసం విషం కలిపిన అన్నంముద్ద కూడా సంచిలో తెచ్చింది.

"అది మా ఊరి ఇన్నయ్య కుక్కండీ," అన్నాడు పడవ నడిపే ఏసోబు. "ఆడు తుపాకీతో బాతుల్ని కొడితే అది తెచ్చి పడవ దగ్గర పెట్టేది. నిరుడు ఉప్పెనలో ఆడు పోయాడు. అదేమో ఇక్కడికి కొట్టుకొచ్చింది."

"ఊళ్లోకి తీసుకుపోరాదూ?"

"ఎన్నిసార్లు తీసుకెళ్లినా ఏట్లో దూకి, ఈదుకుంటా వచ్చేస్తందండీ."

అంతలో కుక్క పరుగున వచ్చింది. నోట్లోని పిట్టపిల్లను ఏసోబు కాళ్ల దగ్గర పెట్టి, అతని మొహంలోకి చూస్తూ నిలబడింది.

అన్నంముద్ద కోసం సంచిలో పెట్టిన భ్రమరాంబ చెయ్యి బయటికి రాలేదు.

"దేనికోసం చూస్తోంది?"

"ఇన్నయ్య మెచ్చుకునేవాడండీ."

ఏసోబు ఉండబట్టలేక వంగి, దాని తల నిమిరాడు. "శభాష్‌రా," అన్నాడు.

ఎన్నాళ్లకో విన్న ఆ మాటకు కుక్క ఒళ్లంతా ఊగిపోయింది. వెంటనే వెనక్కి తిరిగి, పిట్టల గూళ్లవైపు పరుగుతీసింది.