ఆఖరి పేజీలో పేరు

"అయితే మీరు నా పేపర్ చదవనే లేదన్నమాట!"

ప్రొఫెసర్ గొంతు పెరిగింది. కాఫీ కప్పులతో గోడల మీది పరిశోధన పోస్టర్లు చూస్తున్నవాళ్లు ఒక్కసారి ఇటు తిరిగారు. లెక్చరర్ మెడలో వేలాడుతున్న బ్యాడ్జీని అనవసరంగా సర్దుకున్నాడు.

"సారాంశం చదివానండీ," అన్నాడు మెల్లగా.

"సరే, అందులో ఏముంది?"

"బాక్టీరియా... మందు... జన్యువు..."

"ఆ మూడూ ఈ హాల్లో ప్రతి గోడ మీదా ఉన్నాయి!"

అతని పోస్టర్ అడుగున, ఉదహరించిన పేపర్ల జాబితాలో, అందరికంటే ముందు ప్రొఫెసర్ పేరే ఉంది. అతను ఏం రాసినా అలాగే ఉంటుంది. ఇంకొన్నాళ్లలో రిటైరవుతుంది ఆవిడ. ల్యాబ్ తాళాలు అప్పగించేలోపు ఈ ముఖమెరగని మనిషిని ఒక్కసారి చూడాలనిపించి, పనిగట్టుకుని రైలెక్కి ఈ సదస్సుకు వచ్చింది.

మందు పోసినా చావకుండా నిద్రపోయే బాక్టీరియా మీద ఆవిడ చేసిన పని ఆ పేపర్. వాటిని మళ్లీ లేపే జన్యువును పట్టుకోవడానికి వయసంతా ఖర్చయింది. అచ్చయ్యాక లోకం దాని వంక కన్నెత్తి చూడలేదు. తోటివాళ్ల పేపర్లను వందలమంది ఉదహరిస్తుంటే, ఆవిడదాన్ని ఉదహరించేవాడు ఈ లెక్చరర్ ఒక్కడే. "మీ అభిమాన సంఘానికి అధ్యక్షుడూ అతనే, సభ్యుడూ అతనే," అని డిపార్ట్‌మెంటులో నవ్వేవారు. ఆవిడా నవ్వేసేది. కానీ అతని కొత్త పేపర్ వచ్చిందంటే చాలు, ముందు ఆఖరి పేజీ తిప్పేది. తన పేరు కనిపించగానే ఎవరో గుమ్మంలో నిలబడి పిలిచినట్టుండేది. ఫ్లాస్కులు కడుగుతూ మనసులో అతనితో ఎన్ని కబుర్లు చెప్పుకుందో! బాక్టీరియా చచ్చాయనుకుని పారేయబోయిన గాజు పళ్లెంలో తెల్లటి చుక్కలు ఒక్కొక్కటే ఎలా లేచాయో, అవి చూసి ఎలా గంతులేసిందో, పేపర్లో పట్టని ఆ సంబరం అర్థమయ్యే మనిషి ఎక్కడో ఒకడున్నాడనుకుంది.

ఆ మనిషి ఇప్పుడు ఎదురుగా నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు.

"చదవనిదాన్ని ఎందుకు రాశారు? ఎవరి జాబితానో చూసి దించారా?"

"అయ్యో, లేదండీ! మా అత్తగారి ఆర్డరు."

"ఎవరి ఆర్డరు?"

"మా అత్తగారిదండీ. వాళ్లమ్మాయిని చేసుకుంటానని అడగడానికి వెళ్లినప్పుడే షరతు పెట్టారు. ఏం చేస్తుంటావు బాబూ అన్నారు. బాక్టీరియా జన్యువుల మీద పరిశోధన అన్నాను. అయితే నువ్వేం రాసినా ఈ పేపర్ మొదట ఉండాలి, అలాగైతేనే పిల్లనిస్తానన్నారు. ఒకసారి మర్చిపోయినందుకు ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడతో సహా!"

ప్రొఫెసర్‌కి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ గుమ్మంలో నిలబడి పిలిచినవాడెవడూ లేడు. ఒక అల్లుడి భయం, అంతే.

కళ్లజోడు తీసి చేతిరుమాలుతో తుడుచుకుంటూ అడిగింది. "ఆవిడకెందుకు నా పేపర్?"

"చెప్పరండీ. ఒకప్పుడు ఏదో ల్యాబ్‌లో పనిచేశారట. ఎవరిమీదో అలిగి వచ్చేశారట. అంతకుమించి అడిగితే కస్సుమంటారు."

ఆవిడ కళ్లజోడు గబుక్కున పెట్టుకుంది. తన ల్యాబ్‌లోంచీ ఒకప్పుడు ఒకరు అలిగి వెళ్లిపోయారు; ముందు ఎవరు పలకరించాలనే పంతంలోనే ఇన్నేళ్లూ గడిచాయి.

"ఆవిడకి ఫోన్ చెయ్యండి."

"ఇప్పుడా? ఆవిడ పడుకుని ఉంటారేమో. లేపితే నా పని..."

"లేపండి. నేనున్నానుగా, ఆ తిట్లేవో నేను తింటాను."

లెక్చరర్ పోస్టర్ పక్కకు జరిగి, బిక్కుబిక్కుమంటూ ఫోన్ నొక్కి, స్పీకర్ పెట్టాడు.

"అత్తయ్యగారూ, ఆ పేపర్ రాసినావిడ ఇక్కడే ఉన్నారు. ఎందుకు రాశావని నన్ను నిలదీస్తున్నారు. ఏం చెప్పమంటారు?"

ప్రొఫెసర్ పెదవి కొరుక్కుంటూ ఆ ఫోన్ మీదికి వంగింది.

"తనే అడిగిందా? నోరు తెరిచి?" అంది అవతలి గొంతు.

"అవునండీ."

"తిడుతోందా, ఏడుస్తోందా?"

లెక్చరర్ తలెత్తి ప్రొఫెసర్ ముఖం చూశాడు.

"రెండూనండీ."

"అయితే మా అక్కే! ముందు తనే పలకరించింది, నా పంతం నెగ్గింది. ఫోన్ ఇవ్వు బాబూ."