మట్టెవాడ ఎడారి

"హాఛ్!"

చిలుకమ్మ గడప దాటబోయిన కుడికాలిని గాల్లోనే ఆపేసింది. చేతిలో సంచి ఉంది. బయట రిక్షా ఉంది. రైలుకి ఇంకా అరగంట టైముంది. వెనకాల అల్లుడు భాస్కర్ మాత్రం ముక్కు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకోటి తుమ్ము బిడ్డా," అని బతిమిలాడింది. "జంట తుమ్మైతె పోవచ్చు."

భాస్కర్ కళ్లు మూసి, మెడ వెనక్కి వాల్చి, వీధి వీధంతా ఊపిరి బిగబట్టేదాకా ప్రయత్నించాడు.

"వస్తలేదత్తా," అన్నాడు దిగులుగా.

ఒంటి తుమ్ము. పయనం రద్దు. రిక్షా మొగిలయ్య ఒక్క మాటైనా అడగకుండా బండి తిప్పుకున్నాడు. అతనికి ఇది పదకొండో తుమ్ము.

అది పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది. శివరాత్రికి నాలుగు రోజులుండి పోదామని స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వరంగల్ మట్టెవాడలోని కూతురింటికి వచ్చిన మనిషి చిలుకమ్మ. ఇప్పుడు ఉగాది కూడా వచ్చేస్తోంది. అక్కడ ఇంటి దగ్గర బర్రె తొలిచూలుతో ఉంది. పక్కింటి సమ్మమ్మ రాయించిన కార్డు నిన్ననే అందింది: 'నీ బర్రె నన్ను దగ్గరికి రానిస్తలేదు. రెండుసార్లు తన్నింది. జల్ది రా.' ఈనేటప్పుడు తను పక్కన లేకపోతే బర్రే దక్కదు, దూడా దక్కదని చిలుకమ్మ భయం.

"అల్లుడు ఆఫీసుకు పోయినంక పోతనే నిర్మలా," అంది కూతురితో.

"చెప్పకుంట పోతవా అవ్వా? అత్త అలిగి పోయిందంటరు. ఈ వాడంత నన్నే ఆడిపోసుకుంటది."

అదీ నిజమే. అల్లుడి ముఖం చూసి, చెప్పి, కదలాలి. ముఖం చూస్తే తుమ్ముతాడు.

డాక్టర్ దేవదానం ఇంటికే వచ్చి భాస్కర్ చెప్పిందంతా విన్నాడు.

"వేపపూత కాలం గదా. పుప్పొడి పడుతలేదు."

"సూది లేదా సారూ?" అంది చిలుకమ్మ.

"సూదికి లొంగది. ఇసువంటోళ్లు ఎడారి పట్నంల ఉండాలె. బికనేరో, ఇంకోటో. చెట్టుండది, పువ్వుండది, తుమ్ముండది."

"అక్కడికి నాకు ట్రాన్స్‌ఫర్ దొరకది సార్," అన్నాడు భాస్కర్ మరింత దిగులుగా.

చిలుకమ్మ లేచి కొంగు నడుముకు చుట్టింది. "ఎడారే గదా? గదెంత పని!"

మూడు రోజుల్లో మట్టెవాడలో ఎడారి వెలిసింది. మొగిలయ్య చేత కొమ్మలన్నీ కొట్టిస్తే పెరట్లోని వేపచెట్టు కరెంటు స్తంభమైంది. కనకాంబరం మొక్కలు పోయాయి. గోడమీంచి తొంగిచూసిన పక్కింటి మల్లెతీగ, ఎందుకు తొంగిచూశానా అనుకునేలోపే మేకల కడుపులోకి పోయింది. వాకిట్లో రెండు బండ్ల వాగు ఇసుక పడింది. నిర్మల జడలో పూలు బంద్. క్యాలెండర్‌లో లక్ష్మీదేవి తామరపువ్వు మీద కూర్చుందని ఆమెను కూడా గోడవైపు తిప్పేసింది. ఇక ఒంటె ఒక్కటే తక్కువ. దాని కోసం కూడా అడిగించింది గానీ వరంగల్‌లో ఎవరి దగ్గరా లేదన్నారు.

నాలుగో పొద్దున వాడకట్టు మొత్తం ఎడారి చుట్టూ చేరింది. చిలుకమ్మ సంచి అందుకుంది. మొగిలయ్య పెడల్ మీద కాలేశాడు. ఆమె కుడికాలు లేచింది. ఎవరూ గాలి పీల్చడం లేదు.

"హాఛ్!"

"ఎడారిల గూడ తుమ్ముతవా బిడ్డా!"

"ఇసుక గూడ పడుతలేదేమో అత్తా," అన్నాడు భాస్కర్ నేల చూస్తూ.

ఆ మధ్యాహ్నమే ఇంకో కార్డు వచ్చింది. 'ఇయ్యాలో రేపో' అని రెండే మాటలు. చిలుకమ్మ సాయంత్రం దాకా ఇసుకలో కూర్చుని ఆలోచించింది. తర్వాత లేచి నేరుగా వంటింట్లోకి వెళ్లి బియ్యప్పిండి డబ్బా మూత తీసి చూసింది.

తెల్లవారింది. భాస్కర్ రోజూ నిలబడే చోటే నిలబడ్డాడు.

"నోరు తెరువు బిడ్డా," అంది చిలుకమ్మ.

భాస్కర్ అడిగిందే తడవుగా తెరిచాడు. అందులో వేడి వేడి సర్వపిండి ముక్క పడింది. అది నమిలేలోపు రెండోది పడింది. మూడోది పడేసరికి బుగ్గలు రెండూ బూరెలయ్యాయి. అతని ముక్కు అదిరింది. మెడ వెనక్కి వాలింది. ఛాతీ పొంగింది. కానీ నోట్లో తుమ్ముకు చోటేదీ?

"పొయ్యొస్త బిడ్డా, పైలం!"

ఒక్క దూకుతో గడప దాటింది. ఇంకో దూకుతో రిక్షాలో పడింది. "తొక్కు మొగిలయ్యా, తొక్కు!"

వాడంతా చప్పట్లు కొట్టింది. వెనక్కి తిరిగి చూస్తే నిండిన నోటితో అల్లుడు కళ్లనీళ్లు పెట్టుకుంటున్నాడు. అత్తంటే ఎంత పావురమో, ఎంత ప్రేమో అని ఆమెకు కడుపు నిండిపోయింది.

రైలు కాజీపేటలో ఆగినప్పుడు టీసీ జయరాజు ఎక్కాడు.

"టికెట్ అమ్మా."

"ఇగో. మా అల్లుడు గూడ రైల్వేలనే. గూడ్స్ ఆఫీసు భాస్కర్."

జయరాజు ముఖం ముందు వెలిగింది, వెంటనే ఆరిపోయింది. "సర్వపిండి అత్తవు నువ్వేనా అమ్మా? అయ్యో, పోతాన్నవా? రేపటి సంది మా గతేంది?"

"మీకేమాయె బిడ్డా?"

"నెల రోజుల సంది మేమందరం భాస్కర్ టిఫిన్ డబ్బ మీదనే బతుకుతానం. మా పెద్ద సారైతె ఇంట్ల తినుడే బంద్ జేసిండు. నిన్ను పోనియ్యనని భాస్కర్ మాకు మాటిచ్చిండు గదమ్మా!"

చిలుకమ్మ మురిసిపోయింది. "ఆయన తుమ్ములతోనే ఇన్నొద్దులు ఆగిన బిడ్డా. వేపపూత పడది పాపం."

టికెట్ తిరిగి ఇవ్వబోతున్న జయరాజు చెయ్యి ఆగిపోయింది.

"రోజు అన్నం తిన్నంక మనోడు పండుకునేదే ఆఫీసు వేపచెట్టు కిందనమ్మా!"