కత్తివీరుడి కూతురు

కత్తివీరుడి కథలు పుట్టించిన పెద్దాయన పోయాక, ఆ సాహసాలు కొనసాగించే పని ఒక కొత్త రచయితకి దొరికింది. పెద్దాయన తన పుస్తకాల నిండా మాంత్రికుల్ని ఊచకోత కోయించాడు గానీ, వీరుడి చిన్నారి కూతురి మీద మాత్రం ఈగ వాలనివ్వలేదు.

"ఈసారి ఆ పాపని చంపెయ్యండి సార్. చదివినవాళ్ళు గుక్కపెట్టి ఏడవాలి," అన్నాడు ప్రచురణకర్త.

రచయిత చంపేశాడు. అదీ మామూలుగా కాదు. తండ్రిని గొలుసులతో కట్టేసి, అతని కళ్ళెదుటే, పేజీల తరబడి చంపాడు. రాస్తున్నంతసేపూ భలే కుదిరిందని తనలో తనే మురిసిపోయాడు. పుస్తకం అచ్చయి ఒక ఉదయం షాపులకి వెళ్ళింది.

ఆ రాత్రి భార్య ఇంట్లో లేదు. పక్క గదిలో కూతురు ఒక్కతే నిద్రపోతోంది. అతను లైటు ఆర్పి పడుకున్న కాసేపటికి, ఆ గదిలోంచి సర్రు సర్రుమని చప్పుడు మొదలైంది. ఎవరో తీరిగ్గా కూర్చుని కత్తిని రాయి మీద నూరుతున్నట్టుంది.

పరుగున వెళ్ళి తలుపు తోశాడు. తెరుచుకోలేదు. ఆ తలుపుకి లోపల అసలు గడియే లేదు.

"చిట్టితల్లీ! తలుపు తియ్యమ్మా!"

"అరవకు నాన్నా," కూతురు గొంతు నిద్రమత్తుగా వినిపించింది. "ఈ మామయ్య ఏడుస్తున్నాడు. వాళ్ళ పాపని ఏం చేశావని అడుగుతున్నాడు."

రచయిత తలుపుకి మొహం ఆనించాడు. "నాన్నకేం తెలీదని చెప్పమ్మా."

కూతురు బుద్ధిగా ఆ మాటే చెప్పింది. నూరుతున్న చప్పుడు ఆగిపోయింది.