ఆఖరి లెక్క

"అల్గారిథమ్స్ కోర్సు వదిలేస్తున్నాను సార్," అంది విద్యార్థిని, గుమ్మంలోనే నిలబడి. "ఇందులో మార్కులు పోతే పైచదువుకి నన్నెవరూ చేర్చుకోరు. తేలిక సబ్జెక్టులే తీసుకుంటాను."

"ముందు కూర్చోమ్మా, నేనేం మింగెయ్యను." మాస్టారు మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందుకు జరిపారు. "ఏమైంది?"

"అసైన్‌మెంట్‌లో ఆఖరి లెక్కతో ఎంత కుస్తీ పట్టినా రాలేదు సార్."

"నాకూ రాలేదు."

ఆమె తలెత్తింది.

"ఏటా నాకు చేతకాని లెక్కొకటి చివర్లో పెడతాను. అందరూ ఖాళీగా వదిలేశారు. నువ్వొక్కదానివే ఎక్కడిదాకా వెళ్ళి ఆగిపోయావో రాసిచ్చావు. పైచదువులో రోజూ చేసేది అదే తల్లీ."

"అక్కడా ఇంత భయమేస్తుందా సార్?"

"నాకింకా వేస్తూనే ఉంది."

ఆమె గ్లాసు రెండు చేతులా పట్టుకుంది. అందులో నీళ్ళు వణుకుతూనే ఉన్నాయి.

"అయితే వచ్చే సెమిస్టర్లో ఈ కోర్సు రెండో భాగం కూడా తీసుకుంటాను," అంది.