ఆ గల్లీలోనే ఇల్లు

"స్కూల్ పక్కకే ఉన్నది. పార్కున్నది. సందు మూలకు పిల్లల డాక్టరున్నడు. ఆడోల్లు పొద్దుగూకినంక గూడ వాకింగ్ చేస్తరట. ఇంకేం గావాలె నీకు?" శోభారాణి తన ఫోన్‌ను మొగుడి ముక్కు ముందు పెట్టింది.

మల్లికార్జున్ ఆ ఫోటోల వంక చూడనైనా చూడలేదు. "ఆ కాలనీ వద్దు శోభా. నేను జెప్పిన గల్లీలనే తీసుకుందాం," అన్నాడు చాయ్ చప్పరిస్తూ.

అతను పనిచేసే విత్తనాల కంపెనీ అతన్ని వరంగల్ నుంచి నాగపూర్ బ్రాంచికి మార్చింది. నెల తిరిగేలోగా కాజీపేటలో సామాను సర్దుకుని, రెండో తరగతి చదివే మానసను వెంటబెట్టుకుని, భాష రాని రాష్ట్రంలో కొత్తగా కాపురం పెట్టాలి. అందుకే శోభారాణి తెలిసినవాళ్లకల్లా ఫోన్లు చేసి, పిల్లలున్నవాళ్లకు అక్కడ ఏ కాలనీ బాగుంటుందో ఆరా తీసి, ఒకటి ఖాయం చేసుకుంది. ఇతగాడేమో ఊరంత ఊళ్లో ఇంకెక్కడా ఇళ్లే లేనట్టు ఒక్క గల్లీనే పట్టుకుని వేలాడుతున్నాడు.

"ఆ గల్లీల ఏమున్నది? బడి దూరం. పోరి ఆడుకునే జాగ లేదు. మూడో అంతస్తు, లిఫ్ట్ గూడ లేదు."

"ఇరుగుపొరుగు మంచిగుంటది."

"నీకెవలు జెప్పిన్రు?"

"తెలిసినోల్లు," అన్నాడు, ఆమె కళ్లలోకి చూడకుండా.

ఆ తెలిసినవాళ్లెవరో శోభారాణికి బాగా తెలుసు. పేరు అనూష. మొన్న ఆ పేరుతో ఫోన్ మోగగానే మొగుడు డాబా మీదికి పరుగెత్తాడు. ఆరేసిన బట్టలు తీసే వంకతో ఈమె కూడా వెనకే వెళ్లింది. "మీ ఎదురిల్లే ఖాయం జెయ్యుండ్రి. శోభకు మాత్రం ఇప్పుడే తెల్వొద్దు," అంటూ నవ్వుతున్నాడు. తనతో మాట్లాడుతూ అంత హాయిగా నవ్వి ఎన్నాళ్లయిందో ఎంత ఆలోచించినా ఆమెకు గుర్తు రాలేదు.

తర్వాత వాట్సాప్‌లో ఆ మనిషి ఫోటో కూడా చూసింది. తలలో ఇంత మల్లెపూల దండ, చెవులకు జుంకాలు, పిడికెడు నడుము. మెడలో నల్లపూసలున్నాయి. ఉంటే మాత్రం? శోభారాణి ఒళ్లు భగ్గుమంది. బీరువా అద్దం ముందు నిలబడి పొట్ట లోపలికి బిగబట్టి చూసుకుంది. ఊపిరి వదలగానే పొట్ట మళ్లీ ముందుకొచ్చింది, కోపమేమో రెట్టింపయింది. అప్పటి నుంచి అన్నం తిన్నా ఆమె, అంట్లు తోమినా ఆమె, కళ్లు మూసినా ఆమే.

"ఆ గల్లీ అయితే నేను రాను," అంది ఇప్పుడు. "నువ్వొక్కనివే పో. నేను, మానస ఈడ్నే ఉంటం."

"గదేం మాట శోభా?"

"గదే మాట."

"జర నన్ను నమ్మరాదు."

"నమ్మవట్టే గిట్లయింది!"

అతను కప్పు కింద పెట్టి, తువ్వాల భుజాన వేసుకుని స్నానానికి పోయాడు. అతని ఫోన్ బల్ల మీదే ఉండిపోయింది. బాత్రూంలో నీళ్ల చప్పుడు మొదలవగానే శోభారాణి ఫోన్ అందుకుని అనూష పేరు నొక్కింది.

"నమస్తే అన్నా, చెప్పుండ్రి!"

అన్న అట, అన్న! ఈ కాలంలో అన్న అనకుండా కథ మొదలుపెట్టే వాళ్లెవరు?

"అన్న గాదు. ఆయన పెండ్లాన్ని."

"అయ్యో, మీరా!" అని తడబడింది అవతలి గొంతు. దొరికింది దొంగ అనుకుంది శోభారాణి. మొన్నటి నుంచి దిగమింగుకున్నదంతా ఒక్కసారిగా కక్కేసింది. "నా మొగనికి ఇల్లు జూసెటందుకు నువ్వెవలు? నాగపూర్‌ల ఇంకేడ ఇండ్లే లెవ్వా? నీ వాకిట్ల నిలవడితే కనవడే ఇల్లే గావాల్నా? ఆయనకు నువ్వేమైతవ్?"

ఆమె ఏడుస్తుందనో, ఫోన్ పెట్టేస్తుందనో అనుకుంది. నవ్వు వినిపించింది. శోభారాణికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నవ్వుతానవా? సిగ్గు లేదూ?"

"ఆయనకు చెల్లెనైత. నీకు వదినెనైత," అంది అనూష, నవ్వు ఆపుకుంటూ.

"నాకు అన్నల్లేరు, తమ్ముల్లేరు. వదినె ఏడికెల్లి వచ్చింది?" కసిరింది శోభారాణి. ఆ మాట అంటుంటే ఆమె చూపు గోడ మీద దండ వేసి ఉన్న అమ్మానాన్నల ఫోటో వైపు మళ్లింది.

"మా ఆయన పేరు గుండేటి సారయ్య. మీ పుట్టింటి పేరు గూడ గుండేటే గదా వదినె?"

"అయితే?"

"ఇంటిపేరు కలిస్తే నీకు అన్న గాడా? ఈడికొచ్చినంక దసరాకు పిలిచి చెప్దాం, అప్పటిదాంక చెప్పకుండ్రి అన్నడు మీ ఆయన. నువ్వేమో గింతల్నే లడాయికొస్తివి."

బాత్రూంలో నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

అనూష గొంతు తగ్గించింది. "ఈడి తెలుగోల్ల వాట్సాప్ గ్రూపుల కొత్తగొచ్చెటోల్లందరు బడేడున్నది, పార్కేడున్నది అనే అడుగుతరు వదినె. మీ ఆయన ఒక్కడే, 'నా భార్యకు పుట్టింటికి పిలిచి ఒడిబియ్యం పోసెటోల్లు ఎవ్వలు మిగల్లేదు, నాగపూర్‌ల గుండేటోల్ల ఇల్లు ఏ గల్లీల ఉన్నది' అనడిగిండు."