రన్‌వే మీద రెండో విమానం

"మావాడు దిగమంటేనే విమానం దిగాలక్కా," అన్నాడు చౌడప్ప గర్వంగా, హిందూపురం నుంచి పెనుకొండకు వెతుక్కుంటూ వచ్చిన లక్ష్మీదేవమ్మకు కుర్చీ వేస్తూ. ఆమె కొడుకు పైలట్.

లోపల ఉన్న అతని కొడుకు తిప్పేస్వామి ఆ మాట భరించలేక బయటికొచ్చాడు. విమానాశ్రయం టవర్ నుంచి రేడియోలో పైలట్లకు ఆదేశాలిచ్చే కంట్రోలర్ అతను.

"చాలించు నాయనా. రన్‌వే మీద ఒక విమానం ఉండంగా ఇంకోదాన్ని దిగమనకూడదు. మాకు నేర్పే మొదటి రూలు అదే. అట్లుండంగానే నేను దిగమని చెప్పినా. ఆ విమానం నడిపే ఈయమ్మ కొడుకు చూసుకోని పైకి లేపకపోయింటే అందరూ చచ్చిపోయింటారు. నేను సెలవులో రాలేదు. రాజీనామా ఇచ్చి వచ్చినా."



"నాకు తెలుసప్పా. మావాడే చెప్పినాడు," అంది లక్ష్మీదేవమ్మ.

"తిట్టేదానికి వచ్చినావా అమ్మా? తిట్టు."

"మళ్ళా పనికి పిల్చుకోని పోయేదానికి వచ్చినా. నీ రాజీనామా ఇంకా ఒప్పుకోలేదంట. 'ఆయప్ప ఆ తప్పు మళ్ళా చేయడు. కింద ఆయప్ప ఉంటేనే నాకు ధైర్యం' అని మావాడే నన్ను పంపించినాడు."

తిట్టి ఉంటే తిప్పేస్వామి నిలబడగలిగేవాడేమో. గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"ఆయన మొగం ఎట్ల చూసేదమ్మా?"

"పైన ఎగిరేటోని మొగం నీకు యాడ కనపడుతుందప్పా?" అందామె మెల్లగా. "వాని గొంతు విను, చాలు."