వందో గోల్

"హారన్ కొట్టవయ్యా మెర్విన్! మావాడికి తొంభై తొమ్మిదో గోల్!"

పక్క సీట్లో బావ గార్త్ ఆనందం పట్టలేకపోతున్నాడు. ఒళ్లో పెట్టుకున్న మాంసం పఫ్ సగం సీటు మీదే పడింది. మైదానం చుట్టూ కంచెకు ఆనించి నిలిపిన బళ్లన్నీ ఆపకుండా హారన్లు మోగిస్తున్నాయి. గోల్ పడితే వర్రాకీ ఊళ్లో అందరూ చేసే పనే అది. మెర్విన్ మాత్రం ఉలకలేదు, పలకలేదు.

"ఒక్కడి లెక్కకి నా హారన్ మోగదు బావా. ఫైనల్ కొట్టి ఛాంపియన్ జెండా గెలవనీ, బ్యాటరీ అయిపోయేదాకా మోగిస్తా."

"ఆ ఒక్కడు నీ మేనల్లుడేరా!"

"అయితే ఏంటట? ఇంకా మూడు పాయింట్లు వెనకున్నాం. వచ్చే ఏడు మన క్లబ్బుని ఇవాళ మనతో ఆడుతున్న ఈ బెల్టన్ వాళ్లలోనే కలిపేస్తున్నారు. వర్రాకీకి ఇదే ఆఖరి ఫైనల్. మా నాన్న ఒక్క జెండా చూడకుండానే పోయాడు. నేనూ అలాగే పోవాలా?"

"మావాడు లేకపోతే ఫైనల్ దాకా వచ్చేవాళ్లమా? సీజన్లో వంద కొట్టిన మొనగాడు ఈ చుట్టుపక్కల ఎవడైనా ఉన్నాడా?"

"వందని క్లబ్బు గోడకి వేలాడదీస్తావా? గోడకి వేలాడేది జెండా."

సైరన్ అందరికంటే ముందు తన చెవినే పడాలని మెర్విన్ పొద్దున్నే వచ్చి, టైమ్ చూసేవాళ్ల గది పక్కనే బండి పెట్టుకున్నాడు. ఇంకెంత ఆట మిగిలిందో ఆ గదిలో వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. వాళ్లు సైరన్ మోగించాలి, అది అంపైర్‌కు వినపడాలి, అప్పుడే ఆట అయిపోయినట్టు.

ఇంతలో బంతి గాల్లోకి లేచింది. గార్త్ కొడుకు డార్సీ ఇద్దరి భుజాల మీంచి ఎగిరి దాన్ని చేతుల్తో ఒడిసిపట్టుకున్నాడు. ఈ ఆటలో అలా పట్టినవాడు ఆగి, తీరిగ్గా గోల్‌కి తన్నొచ్చు. కానీ పక్క గీత దగ్గర, గోల్‌కి బాగా ఏటవాలుగా ఉన్నాడు. గోల్ స్తంభాల ముందు వర్రాకీ ఏడో నంబరు కుర్రాడు ఒంటరిగా నిలబడి చేతులూపుతున్నాడు.

"వాడికివ్వరా! ఖాళీగా ఉన్నాడు, వాడికివ్వు!" మెర్విన్ కిటికీలోంచి సగం బయటికొచ్చి అరిచాడు.

"నువ్వే కొట్టరా నాన్నా!" గార్త్ అంతకంటే గట్టిగా అరిచాడు.

డార్సీ ఏడో నంబరు వైపు ఒకసారి చూశాడు. తనే కొట్టాడు. బంతి వంకర తిరిగి సరిగ్గా రెండు స్తంభాల మధ్యలోంచి దూసుకుపోయింది.

గోల్! ఆరు పాయింట్లు. వంద పూర్తయింది. వర్రాకీ మూడు పాయింట్ల ముందుంది.

ఎక్కడైనా సరే, సీజన్లో ఒకడికి వందో గోల్ పడితే జనం మైదానంలోకి ఉరకడం ఈ ఆటలో ఆనవాయితీ. గార్త్ తలుపు కూడా వెయ్యకుండా పరిగెత్తాడు. పిల్లలు, ముసలివాళ్లు, కుక్కలు, అందరూ డార్సీ మీద పడ్డారు. బళ్లన్నీ చెవులు చిల్లులు పడేలా మోగాయి. మెర్విన్ ముందుకు వాలి, స్టీరింగ్ మీద చేతులు బిగించి చూస్తూ ఉండిపోయాడు. అనుకోకుండా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తన చెల్లెలి కొడుకు, నిన్నగాక మొన్న తన భుజాలెక్కి ఇదే ఆట చూసినవాడు!

జనాన్ని కంచె బయటికి తోలేసరికి అంపైర్లకు తాతలు దిగివచ్చారు. ఆట మళ్లీ మొదలైంది. అక్కణ్నుంచి మెర్విన్‌కు ఏదీ అర్థం కాలేదు.

బంతి బెల్టన్ వాళ్ల చేతికి చిక్కింది. వర్రాకీ కుర్రాళ్లు కొందరు పరిగెత్తడం మానేసి ఒకళ్లనొకళ్లు కావలించుకుంటున్నారు. కొందరు పరిగెడుతూనే ఉన్నారు. ఆట అయిపోయిందా? అయిపోతే అంపైర్ ఎందుకు ఆపడు? గదిలోంచి టైమ్ చూసే ఆయన బయటికొచ్చి చేతులు ఊపేస్తున్నాడు. పక్క బండిలో కూర్చున్న ఊరావిడ నోరీన్ తన వైపే వేలు చూపిస్తూ ఏదో అరుస్తోంది. గోలలో ఒక్క ముక్క వినపడలేదు. మేనల్లుడి గురించే అయ్యుంటుందని మెర్విన్ నవ్వి, కుడి చెయ్యి ఊపాడు. ఆవిడ తల పట్టుకుంది.

బెల్టన్ వాడు బంతిని తన్నాడు. గోల్.

అప్పుడు అంపైర్ టైమ్ గది వైపు తిరిగి చూశాడు. రెండు చేతులూ పైకెత్తి ఆట ముగించాడు. బెల్టన్ వాళ్లు గంతులేశారు. మూడు పాయింట్ల తేడాతో గెలుపు వాళ్లది.

"గోల్‌కి ముందే సైరన్ మోగించాం కదయ్యా!" టైమ్ చూసే ఆయన గొంతు చించుకుంటూ మైదానంలోకి పరిగెత్తాడు.

"ఈ మోతలో నాకేం వినపడుద్ది? నాకు వినపడేదాకా ఆట ఆటే!" అంపైర్ అంతకంటే పెద్దగా అరిచాడు.

జెండా వచ్చింది. వచ్చి, పోయింది. ఎవడో వెధవ ఇంకా హారన్ కొడుతూనే ఉన్నాడు, అదీ ఎక్కడో దగ్గర్లోనే.

ఊరు ఊరంతా తన బండి వైపు నడిచొస్తోంది. ముందు డార్సీ, మోకాలి నిండా మట్టి, కళ్లు ఎర్రగా. వెనకాల గార్త్, తల దించుకుని. న్యాయం చెప్పమని తన దగ్గరికే వస్తున్నారనుకున్నాడు మెర్విన్. ఒక్కడి లెక్క కంటే జెండా ముఖ్యమని ఇన్నాళ్లూ చెప్పింది తనే కదా.

"చూశావా బావా? చూశావా?" కిటికీలోంచి రంకె వేశాడు. "వంద, వంద అని ఎగిరారు! మన జెండా పోయింది! ఒక్కడి లెక్కకి ఒళ్లు మరిచిపోయి సైరన్‌ని ముంచేసిన ఆ దౌర్భాగ్యుడెవడు? వాడి మొహం నాకు చూపించండి!"

డార్సీ కిటికీ దాకా వచ్చి, లోపలికి వంగి, మామ చెవిలో అరిచాడు.

"మామయ్యా, ముందు ఆ ఎడం చెయ్యి హారన్ మీంచి తియ్యి!"